కొమ్ము పుల్లలు

నలభై జతలు కావాలంది మిరియం గొమాంగో.
తొమ్మిది అంగుళాల పొడుగు,
కొస సన్నం, మొదలు చిటికెనవేలంత.
దువ్వెనలు అడిగేవాళ్ళు తెలుసు నాకు,
కొంగలు అడిగేవాళ్ళు, చదరంగం బంట్లు అడిగేవాళ్ళు.
తిండి ముందర పెట్టుకుని పుల్లలు అడిగిన మనిషి
పర్లాకిమిడిలో ఈమే మొదలు.

మచ్చుకిచ్చిన జత మూడోనాటికి తిరిగొచ్చింది.
"జారిపోతన్నాయి మావా" అంది గుంట.

జారడమా!
మా నాన్న చేతికింద నేర్చిన మెరుగది.
బొగ్గుపొడి, ఆపైన గుడ్డ, ఆపైన ఉత్త అరచెయ్యి,
వేలు పెడితే వేలు అందులో కనపడేదాకా.
మెరుపు తప్పెలా అవుతుందో చూద్దామని
మంగళవారం పని కట్టేసి వెళ్ళాను.

బస్టాండు వెనక, సైకిలు కొట్టు పక్కన
ఒక రేకు కప్పు, ఆరు స్టూళ్ళు.
బోర్డు మీద ఒకటే మాట మూడుసార్లు: గ్యోజా.
ఒరియాలో గుండ్రంగా ఉంది, తెలుగులో గుండ్రంగా ఉంది,
మూడోది మాత్రం ఎవరో విరిచిపోసిన అగ్గిపుల్లల్లా ఉంది.
ఆరు ముక్కలు ఎనభై రూపాయలు.
పాతపట్నం బస్సు కండక్టరు
ఒక కన్ను పళ్ళెం మీద, ఒక కన్ను బస్సు మీద వేసి తింటున్నాడు.
కాలేజీ పిల్లలిద్దరు
ఒక్క పళ్ళేన్ని చెరి మూడు పంచుకుని
ఎవరి మూడో ముక్క పెద్దదని తగువాడుకుంటున్నారు.

శ్రీపెరంబుదూరులో, కారు కంపెనీ జపానువాళ్ళు తినే హోటల్లో
ఏడేళ్ళు చేసిందట.
"పెద్ద వంటాయన మాట్లాడేవోడు కాదు మావా,
మడతలు లెక్కెట్టేవోడంతే.
ఒకటి తగ్గితే మళ్ళీ చుట్టమనేవోడు."
చెబుతూనే చుడుతోంది.
అరచేతిలో మైదా బిళ్ళ, క్యాబేజీ, కోడి కైమా,
తన కొండమీద తవ్విన అల్లం కొమ్ము.
కొమ్ము అనగానే నాలో నేను నవ్వుకున్నాను.
సగం కజ్జికాయ, సగం చెవి.
నేనూ లెక్కపెట్టాను, ఏడు మడతలు.

పెనం మీద పేర్చి, నీళ్ళు చల్లి, మూత వేసింది.
రేకు మీద వాన.
ఆమె పెనంకేసి చూడదు,
కండక్టరుకి చిల్లర ఇస్తోంది, బల్ల తుడుస్తోంది,
ఆ వాన ఎండుతున్న చప్పుడికి
చెయ్యి దానంతటదే మూత తీసింది.
కొమ్ముని నిప్పుసెగన వంచేటప్పుడు
నేనూ అంతే, కళ్ళతో చూడను,
ముక్కుతో చూస్తాను.
అప్పటికి కోపం సగం పోయింది.

ఇక నా పుల్లలు, నా చేతిలో.
మొదటిది ఎత్తాను. జారింది.
మళ్ళీ ఎత్తాను. సోయా నీళ్ళలో పడి
చొక్కా మీద ఒరిస్సా పటం గీసింది.
కాలేజీ పిల్ల నోరు మూసుకుని నవ్వింది.
"చెయ్యుండగా ఈ తిప్పలేటి బావూ" అని
కండక్టరు అయిదువేళ్ళూ చూపించి బస్సెక్కేశాడు.

వేళ్ళతోనే తిన్నాను.
ఒకవైపు అట్టు, ఒకవైపు ఆవిరికుడుము.
కొరికితే లోపల దాచిన చారు
నాలిక కాల్చి మరీ పలకరించింది.
నాలుగు అలా పోయాయి.
అయిదోది పుల్లలతో పట్టి గాల్లో ఆపి చూశాను.
తడి పిండి, అద్దం లాంటి కొస,
ఒకదాన్నొకటి పట్టుకునేందుకు
రెండింట్లో ఎక్కడా ఒక గరుకు లేదు.

ఆరోది చల్లారిపోయింది. అయినా తిన్నాను.
డబ్బులు తీసుకోనంది. బల్ల మీద పెట్టి వచ్చాను.

రాత్రి ఆకురాయి తీసి
కొసకి మూడు గాట్లు పెట్టాను, చుట్టూ, ఉంగరాల్లా.
మొదటి గాటుకి చెయ్యి ఒణికింది.
నాన్న ఉంటే వీపు పగలగొట్టేవాడు.

శనగగింజ లేచింది.
పెసరగింజ రెండుసార్లు పడి లేచింది.
"అర్ధరాత్రేళ గింజలతో ఆటలేటి, పడుకోవా?" అంది పైడితల్లి.
ఒక్క నిమిషమని
పోపులడబ్బా లోంచి ఆవగింజ తెమ్మన్నాను.